దెయ్యం వేషంలో అత్తయ్య, మంత్రగత్తెల ఊళ్ళో మేము

సేలం అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది తమిళనాడులో ఉన్న సేలం. మామిడిపళ్ళు, ఉక్కు ఫ్యాక్టరీ. బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళనడిగితే న్యూ హాంప్‌షైర్ సేలం అంటారు. ఆ రాష్ట్రంలో అమ్మకం పన్ను లేదు కాబట్టి, ఇండియా ప్రయాణానికి ముందు ఫోన్లూ లాప్‌టాప్‌లూ కొనడానికి అందరం అక్కడికే పరిగెడతాం. మూడో సేలం మసాచుసెట్స్‌లో సముద్రం ఒడ్డున ఉంది. 1692లో మంత్రగత్తెలని, మంత్రగాళ్ళని నేరం మోపి పంతొమ్మిది మందిని ఉరి తీసిన ఊరు అదే. బర్లింగ్టన్‌లో మేం కాపురం పెట్టి పదకొండేళ్ళయింది. ఆ ఊరు మాకు నలభై నిమిషాల దూరం. అయినా ఎప్పుడూ తీరిగ్గా చూడలేదు. ఒకసారి అక్టోబరులో పిల్లల్ని తీసుకెళ్తే పార్కింగ్ దొరక్క, కార్లోంచే నాలుగు చీపుర్లూ రెండు టోపీలూ చూసి వెనక్కొచ్చేశాం.

మొన్న మార్చిలో నేనూ మా అత్తయ్యా ఇద్దరమే వెళ్ళాం. దానికి కారణం మేం తీసిన తొమ్మిది నిమిషాల షార్ట్ ఫిల్మ్. దాన్ని ఒక స్వతంత్ర హారర్ చిత్రోత్సవానికి పంపడానికి ఇంకా రెండు రోజులే గడువుంది. పంపాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. "ఆ మంత్రగత్తెల ఊరేదో ఉందన్నావుగా, అది చూపించు, తర్వాత ఆలోచిద్దాం" అన్నారావిడ.

ముందు సినిమా సంగతి చెప్పాలి. 'ఓ స్త్రీ రేపు రా' మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1990ల్లో మన ఊళ్ళల్లో ఇంటింటి తలుపు మీదా, గోడ మీదా బొగ్గుతోనో సుద్దతోనో ఈ మాట రాసి ఉండేది. రాత్రిళ్ళు ఒక ఆడదెయ్యం వచ్చి తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందనీ, పలికి తలుపు తీస్తే ప్రాణం పోతుందనీ పుకారు. గుమ్మం మీద 'రేపు రా' అని రాసుంటే దెయ్యం చదువుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే చదువుతుంది, మళ్ళీ వెళ్ళిపోతుంది. కర్ణాటకలో కూడా ఇదే కథ 'నాళె బా' అన్న మాటతో నడిచింది. చదువుకున్న దెయ్యం, పైగా చెప్పిన మాట వినే దెయ్యం! ఇంతకంటే డార్క్ కామెడీ ఏం కావాలి?

మా సినిమాలో ఆ దెయ్యం మసాచుసెట్స్ వచ్చింది. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి, హెచ్4 వీసా, పని చేసుకునే అనుమతి కోసం ఎదురుచూపులు. అమ్మమ్మ చెప్పింది కదా అని సరదాకి గుమ్మం మీద ఆ మాట రాస్తుంది. దెయ్యం రోజూ వస్తుంది, మంచులో నిలబడుతుంది, చదువుతుంది, పోతుంది. తలుపు దగ్గరి కెమెరా రోజూ భర్త ఫోనుకి కబురు పంపుతూనే ఉంటుంది. ఆయన చూడకుండానే 'ప్యాకేజీ వచ్చినట్టుంది' అంటాడు. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి దెయ్యం కోసం ఒక స్వెటర్ బయట పెడుతుంది. తర్వాత కాఫీ పెడుతుంది. కాలింగ్ బెల్‌కున్న మైకులోంచి ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలెడతారు. "ముప్పై ఏళ్ళ నుంచీ రేపు రమ్మనేవాళ్ళే గానీ, ఇవాళ రమ్మన్నవాళ్ళు లేరమ్మా" అంటుంది దెయ్యం. అమ్మాయికీ అన్ని ఆఫీసుల నుంచీ వచ్చే జవాబు అదే. చివర్లో ఆమె తడిగుడ్డ తెచ్చి 'రేపు' అన్న మాట ఒక్కటీ తుడిచేస్తుంది. ఇక మిగిలేది 'ఓ స్త్రీ రా'. తలుపు తెరుచుకుంటుంది. ఆఫీసులో ఉన్న భర్త ఫోను మోగుతుంది: మీ గుమ్మం దగ్గర ఇద్దరు ఉన్నారు.

అంతే సినిమా. అమ్మాయిగా పక్కవీధి స్నేహితురాలు వేసింది. భర్త వేషం మావారిదే. ఫోను చూస్తూ 'ఊఁ' అనాలి అంతే కాబట్టి ఆయనకి రిహార్సల్ అవసరం పడలేదు. దెయ్యం మా అత్తయ్య. నవంబరులో ఆరునెలల కోసం వచ్చారు. బాపట్ల దగ్గర పల్లెటూరు. కథ చెప్పింది ఆవిడే. దెయ్యం ఎలా నడుస్తుందో చూపించమంటే జుట్టు విరబోసుకుని, మంచులో కొంచెం కుంటుతూ, తలుపు కేసి కాకుండా తలుపు మీది అక్షరాల కేసి చూస్తూ నడిచారు. చీర కింద రెండు జతల సాక్సులు, లోపల థర్మల్స్. కెమెరా వెనక ఉన్న నాకు వణుకు వచ్చింది. ఆ నడక ఎక్కడ నేర్చుకున్నారో అప్పుడు అడగలేదు.

పేచీ ఎడిటింగ్ అయ్యాక వచ్చింది. హైదరాబాదులో మా బావగారికి వీడియో లింకు పంపితే, ఫోను చేసి ఒక్కటే మాట. "అమ్మ చేత దెయ్యం వేషం వేయించడమేంటి? అశుభం కాదూ? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? మా పిల్లకి సంబంధాలు చూస్తున్నాం." ఫోను స్పీకర్లో ఉంది. అత్తయ్య చిక్కుడుకాయలు వలుస్తూ అన్నీ విన్నారు. ఫోను పెట్టేశాక, "సినిమా పంపుకో అమ్మాయ్. నా పేరు మాత్రం వెయ్యకు" అన్నారు. తొమ్మిది నిమిషాల సినిమాలో ఆరు నిమిషాలు ఆవిడే ఉన్నారు. ఆవిడ పేరు లేకుండా పంపడానికి నా చెయ్యి రాలేదు. వద్దన్నాక వెయ్యడానికీ రాలేదు. గడువు దగ్గర పడుతోంది. అలాంటి సమయంలో వెళ్ళాం సేలం.

128 మీద ఉత్తరంగా వెళ్ళి 114 పట్టుకుంటే ఊళ్ళోకి చేరతాం. కారు లేనివాళ్ళకి బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి రైలుంది, అరగంట ప్రయాణం. ఊరి జనాభా నలభై నాలుగు వేల చిల్లర. ఒక్క అక్టోబరు నెలలో వచ్చిపోయేవాళ్ళు మాత్రం ఈమధ్య పది లక్షలు దాటుతున్నారు. మార్చిలో ఆ సందడి లేదు. రోడ్డు పక్కన మురికిపట్టిన మంచు కుప్పలు, సముద్రం మీంచి కోసేసే గాలి, సగం దుకాణాలకి తాళాలు. చీర మీద మావారి పాత జాకెట్టు, తలకి మంకీ క్యాప్, కాళ్ళకి మా అబ్బాయి బూట్లు వేసుకుని దిగారు అత్తయ్య. ఆ ఊళ్ళో ఎవరూ వింతగా చూడలేదు.

దిగగానే ఆవిడ కంటబడింది పోలీసు కారు. దాని మీద చీపురెక్కి ఎగిరే మంత్రగత్తె బొమ్మ. ఊరి హైస్కూలు జట్ల పేరు కూడా 'విచెస్'. కాస్త ముందుకెళ్తే చిన్న పార్కులో సమాంత కంచు విగ్రహం, నెలవంక మీద చీపురుతో కూర్చుని నవ్వుతూ. 'బివిచ్డ్' అనే పాత టీవీ సీరియల్లో మంత్రగత్తె పాత్ర అది. 2005లో పెట్టారు. అప్పుడు ఊళ్ళో కొందరు, ఇంతమంది ప్రాణాలు పోయిన చోట ఈ వేళాకోళం ఏమిటని అభ్యంతరం చెప్పారట. అత్తయ్య విగ్రహాన్ని ఎగాదిగా చూసి, "ఉరి తీసిందీ వీళ్ళే, బొమ్మ పెట్టిందీ వీళ్ళేనా? మన ఊళ్ళల్లో పేరంటాలు గుళ్ళు ఇలాగేగా వెలిశాయి" అన్నారు. నేను ఎన్నో గైడ్‌బుక్కులు చదివాను గానీ ఆ పోలిక ఎక్కడా కనపడలేదు.

నడుస్తూ నడుస్తూ నాకు తెలిసినంతలో కథ చెప్పాను. 1692 చలికాలంలో సేలం విలేజ్ అనే చోట, ఇప్పుడు దాని పేరు డాన్వర్స్, చర్చి ఫాదరు ఇంట్లో తొమ్మిదేళ్ళ కూతురికీ, పదకొండేళ్ళ మేనకోడలికీ ఒళ్ళు మెలికలు తిరగడం, కేకలు పెట్టడం మొదలైంది. డాక్టరొచ్చి ఇది దుష్టశక్తుల పని అన్నాడు. పొరుగావిడ ఒక చిట్కా చెప్పింది. రై పిండిలో ఆ పిల్లల మూత్రం కలిపి రొట్టె కాల్చి కుక్కకి పెడితే, చేసినవాళ్ళెవరో తెలుస్తుందని. ఆ ఇంట్లో బానిసగా ఉన్న టిటుబా అనే ఆవిడా, ఆవిడ భర్తా ఆ రొట్టె చేసిపెట్టారు. "మనం ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తాం. అక్కడితో సరి. మధ్యలో ఆ కుక్కేం చేసింది పాపం?" అన్నారు అత్తయ్య.

తర్వాత కథలో నవ్వడానికేమీ లేదు. మొట్టమొదట పట్టుకున్నది ముగ్గుర్ని. ఒకరు బానిస టిటుబా, ఒకరు ఇల్లిల్లూ తిరిగి అడుక్కునే సారా గుడ్, ఇంకొకరు జబ్బుతో మంచాన పడ్డ సారా ఆస్బోర్న్. నోరెత్తి వీళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. సారా గుడ్ నాలుగైదేళ్ళ కూతుర్ని కూడా జైల్లో వేశారు. ఫలానా ఆవిడ రూపం నా గదిలోకొచ్చి గిచ్చింది, గొంతు నులిమింది అని చెబితే చాలు, కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంది. నూటయాభై మందికి పైగా జైలుపాలయ్యారు. నేరం ఒప్పుకున్నవాళ్ళు బతికారు, మేం చెయ్యలేదని నిలబడ్డవాళ్ళని ఉరి తీశారు. ఉరి తీసిన పంతొమ్మిది మందిలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు. జవాబు చెప్పడానికి నిరాకరించిన గైల్స్ కోరీ అనే ముసలాయన్ని బండరాళ్ళ కింద నలిపి చంపారు. కనీసం ఐదుగురు జైల్లోనే పోయారు. సినిమాల్లో చూపించినట్టు సేలంలో ఎవర్నీ తగలబెట్టలేదు.

చార్టర్ స్ట్రీట్‌లో పాత శ్మశానాన్ని ఆనుకుని ఒక చిన్న ఆవరణ ఉంది. మూడు వైపులా ఎత్తు తక్కువ రాతిగోడ, మధ్యలో నాలుగు చెట్లు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చినట్టు ఇరవై రాతిబెంచీలు. ఒక్కో దాని మీద ఒక్కో పేరు, ఎలా చంపారో, ఏ రోజున చంపారో చెక్కి ఉంది. లోపలికి అడుగుపెట్టే చోట రాళ్ళ మీద, మేం నిర్దోషులమని వాళ్ళు కోర్టులో చెప్పుకున్న మాటలు చెక్కారు. ఆ వాక్యాలు పూర్తిగా ఉండవు. మధ్యలోనే గోడ కిందికి దూరిపోతాయి. విచారణలో వాళ్ళ మాటని మధ్యలో తొక్కేసినట్టే, మనమూ తొక్కుకుంటూ లోపలికి వెళ్తాం. 1992లో, మూడు వందల ఏళ్ళు నిండినప్పుడు, నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఎలీ వీసెల్ దీన్ని ప్రారంభించారు.

అత్తయ్య ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతారు. బెంచీ బెంచీ దగ్గరా ఆగి, మంచు చేత్తో తుడిచి చదివారు. బ్రిడ్జెట్ బిషప్, ఉరి, జూన్ 10, 1692. రెబెకా నర్స్, ఉరి, జూలై 19, 1692. రెబెకా నర్స్‌కి అప్పటికి డెబ్భై ఒక్క ఏళ్ళని నేను చెప్పాను. "పేర్లు రాయడానికి మూడొందల ఏళ్ళు పట్టిందా?" అని అడిగారు. ఆ రాళ్ళ మీద టిటుబా పేరు లేదు. ఆవిణ్ణి చంపలేదు గనక. అది కూడా చెప్పాను. ఈ మధ్యే జరిగిన మరో ముచ్చట కూడా చెప్పాను. ఎలిజబెత్ జాన్సన్ అనే ఆవిడకి 1693లో మరణశిక్ష వేశారు, అమలు కాలేదు. తర్వాత మిగతావాళ్ళందరి పేర్ల మీదా మచ్చ తుడిచారు గానీ, ఆవిడ పేరు అలాగే ఉండిపోయింది. నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు ఆ సంగతి పట్టుకుని, శాసనసభకి ఉత్తరాలు రాసి, 2022లో ఆ తీర్పు కొట్టేయించారు.

అత్తయ్య ఒక బెంచీ మీద కూర్చున్నారు. అప్పుడు చెప్పారు, ఆ నడక ఎవరిదో.

"మా వీధి చివరింట్లో ఒకావిడుండేది. భర్త లేడు, పిల్లల్లేరు. ఒక కాలు కుంటి. పొద్దున్నే ఎదురొస్తే జనం వెనక్కి తిరిగి ఇంట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళు. 'ఓ స్త్రీ రేపు రా' వచ్చిన ఏడు, ఊళ్ళో అన్ని తలుపుల మీదా రాశారు. ఆవిడ తలుపు మీద ఎవరూ రాయలా. ఆ వచ్చేది ఆవిడే అయ్యుంటుందని కొందరి అనుమానం. ఒకరోజు చీకటి పడేవేళ నా దగ్గరికొచ్చి, 'నాకూ రాసిపెట్టవే, నాకు అచ్చరాలు రావు, రాత్రిళ్ళు బయమేస్తంది' అంది. ఆ మాట నేనెప్పుడూ అనుకోలేదు. ఆవిడక్కూడా దెయ్యమంటే భయమే అని. వెళ్ళి రాశాను. మా అత్తగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు."

"ఆవిడ పేరేంటత్తయ్యా?" అని అడిగాను.

"ఏమో. చివరింటావిడ అనేవాళ్ళం."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇది మూడు వందల ఏళ్ళ కిందటి తెల్లవాళ్ళ గొడవ మాత్రమే కాదు. తెలంగాణలో బాణామతి అన్నా, కోస్తాలో చేతబడి అన్నా, చిల్లంగి అన్నా, అనుమానం వచ్చిందంటే ఊరంతా ఒకరి మీద పడిన వార్తలు ఇప్పటికీ పేపర్లో కనిపిస్తాయి. అక్కడా ఎక్కువగా దొరికిపోయేది వెనక మనుషుల్లేనివాళ్ళే.

ఉరి తీసిన చోటు కూడా చూపించమన్నారు. ఊరి మధ్య నుంచి కార్లో ఐదారు నిమిషాలు. పేరు ప్రాక్టర్స్ లెడ్జ్. చాలా కాలం ఆ చోటు కచ్చితంగా ఎక్కడో తేల్చలేకపోయారు. 2016లో పరిశోధకులు ఇదేనని నిర్ధారించారు. 2017 జూలై 19న, అంటే అక్కడ ఐదుగురిని ఉరి తీసిన రోజుకి సరిగ్గా 325 ఏళ్ళకి, చిన్న స్మారకం ప్రారంభించారు. అర్ధచంద్రాకారంలో రాతిగోడ, దాని మీద పంతొమ్మిది పేర్లు, ఒక ఓక్ చెట్టు. చుట్టూ మామూలు ఇళ్ళు. ఆ గుట్ట కింద వాల్‌గ్రీన్స్ మందుల షాపు. జలుబు మందు కొనుక్కుని పార్కింగ్‌లోకి వచ్చి తలెత్తితే కనిపించేది ఉరి తీసిన బండ. దీన్ని కథలో రాస్తే అతిగా ఉందంటారు. అత్తయ్యకి గొంతు నొప్పిగా ఉందంటే అక్కడే బిళ్ళలు కొన్నాం కూడా.

ఊళ్ళో మిగతావి గబగబా చూశాం. ఆ కోర్టులో కూర్చున్న జడ్జీల్లో ఒకాయన జాన్ హాథోర్న్. ఆయన వంశంలో నాలుగు తరాల తర్వాత ఇదే ఊళ్ళో పుట్టిన రచయిత నథానియెల్ హాథార్న్ తన ఇంటిపేరు స్పెల్లింగులో ఒక అక్షరం కలుపుకున్నాడు. తాతగారి నీడ తన మీద పడకూడదనే అంటారు. పీబాడీ ఎసెక్స్ మ్యూజియం దాటుకుంటూ వెళ్ళాం. దాని మూలాలు 1799లో సేలం ఓడ కెప్టెన్లు పెట్టుకున్న సంఘంలో ఉన్నాయి. ఆశాగ్రం గానీ, కేప్ హార్న్ గానీ చుట్టివచ్చినవాళ్ళకే అందులో సభ్యత్వం. 1796లో అమెరికాకి మొట్టమొదటి ఏనుగుని కలకత్తా నుంచి తెచ్చింది కూడా ఒక సేలం కెప్టెనే. వంద ఏళ్ళ కిందట కుక్కకి రొట్టె పెట్టి మంత్రగత్తెని వెతికిన ప్రాంతం నుంచే ఏనుగు కోసం మన దేశం వచ్చారు.

సేలంలో 2017 నుంచి సేలం హారర్ ఫెస్ట్ అని ఒక చిత్రోత్సవం జరుగుతోంది. ఇలాంటివి అమెరికా నిండా, ఇతర దేశాల్లోనూ చాలా ఉన్నాయి. బెర్లిన్‌లో జరిగే ఫైనల్ గర్ల్స్ ఉత్సవం ప్రత్యేకించి ఆడవాళ్ళు తీసిన హారర్ సినిమాల కోసమే. పెద్ద పండగల్లో వెయ్యడానికి జంకే వింత సినిమాలకి ఇవే చోటు. జెనిఫర్ కెంట్ అనే ఆస్ట్రేలియా దర్శకురాలు 2005లో 'మాన్‌స్టర్' అని పది నిమిషాల సినిమా తీసింది. ఒంటరి తల్లి, కొడుకు, ఇంట్లో భూతం. అదే తర్వాత 2014లో 'ది బాబాడూక్' అయింది. స్వీడన్‌లో ఒక జంట సొంత ఇంట్లో, భార్యే నటించగా 2013లో తీసిన రెండున్నర నిమిషాల 'లైట్స్ అవుట్' హాలీవుడ్ దాకా వెళ్ళింది. మన అసోసియేషన్ల సాంస్కృతిక కార్యక్రమాల మీద నాకు గౌరవమే. కానీ అక్కడ స్కిట్ వెయ్యాలంటే చివర్లో అత్తాకోడళ్ళు కలిసిపోవాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మానికి చెరోవైపు నిలబడి, మాకు రేపు అక్కర్లేదు అనుకునే కథకి అక్కడ వేదిక దొరకదు.

పంపే పద్ధతి అడిగినవాళ్ళున్నారు కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. ఇప్పుడు ఎక్కువ చిత్రోత్సవాలు ఫిల్మ్‌ఫ్రీవే అనే సైటు ద్వారానే సినిమాలు తీసుకుంటాయి. గడువులు మూడు నాలుగు ఉంటాయి. ముందు పంపితే రుసుము తక్కువ, ఆలస్యమైన కొద్దీ పెరుగుతుంది. విద్యార్థులకీ, తొలిసారి తీసినవాళ్ళకీ కొందరు తగ్గిస్తారు, మర్యాదగా ఉత్తరం రాసి అడగడంలో తప్పులేదు. సినిమాని పాస్‌వర్డ్ పెట్టిన లింకుగా ఇస్తే చాలు. యూట్యూబులో ముందే అందరికీ పెట్టేస్తే కొన్ని పండగలు తీసుకోవు. చిన్న సినిమాలు ఏడెనిమిదో, పదో కలిపి గంటన్నర ఆటగా వేస్తారు. కాబట్టి ఇరవై నిమిషాల సినిమా కంటే తొమ్మిది నిమిషాలదాన్ని ఇరికించడం వాళ్ళకి సులువు. సినిమా పాటలు వాడకండి, హక్కులు ఉండాలి. మా సినిమాలో వినిపించేది మా కుక్కర్ విజిలే. నెలనెలా పోటీ పెట్టి, డబ్బు కట్టినవాళ్ళందరికీ ఏదో ఒక అవార్డు పంపే పండగలు కూడా ఉన్నాయి. ప్రదర్శన ఏ థియేటర్లో, కిందటేడు ఏమేం వేశారు అన్నవి చూసి గానీ డబ్బు కట్టకండి.

డార్క్ కామెడీకి అన్నిటికంటే కష్టం సబ్‌టైటిళ్ళు. గోడ మీద మన మాటల వరసలో 'రేపు' మధ్యలో ఉంది. ఇంగ్లీషులో అది చివరికి పోతుంది. ఆ అమ్మాయి గుడ్డతో మధ్యలో తుడుస్తుంటే, కింద ఇంగ్లీషులో చివరి మాట మాయమైతే చూసేవాళ్ళకి అర్థం కాదు. మూడు రాత్రులు తల బద్దలు కొట్టుకుని, ఇంగ్లీషుని కూడా మన వరసలోనే ఉంచేశాం: ఓ లేడీ, టుమారో కమ్. "దెయ్యం బాపట్ల నుంచేగా వచ్చింది, ఆ మాత్రం ఇంగ్లీషు చాలు" అని అత్తయ్య తీర్పు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆవిడే బావగారికి ఫోను చేశారు. "ఒరేయ్, వేషం వేసింది నేను. నా పేరు వేయిస్తున్నా. పిల్లకి సంబంధం వచ్చినవాళ్ళు అడిగితే, మా అమ్మ అమెరికాలో సినిమాలో చేసిందని చెప్పు. దెయ్యమా దేవతా అని వాళ్ళడిగినప్పుడు చూద్దాం." అవతలి నుంచి చాలాసేపు మాట్లాడారు. ఆవిడ వింటూ ఉన్నారు గానీ మాట మార్చలేదు. బావగారికి ఆ కోపం ఇంకా పోలేదు. ఉగాదికి ఫోనులో నాతో మాట్లాడలేదు కూడా. పోనీలెండి, అత్తయ్యకి ఈ సంగతి కొత్త కాదు.

సినిమా చివర 'దెయ్యం' అన్న చోట ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేశాను. దాని కింద ఇంకో వరస వెయ్యమన్నారు: 'చివరింటావిడకి'. అంతకంటే ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు. దర్శకురాలి మాట అని ఒక పేరా రాయాలి. అందులో సేలం గురించి ఏమీ రాయలేదు. ఆ ముసలావిడ భయం గురించి మూడు వాక్యాలు రాశాను. గడువుకి ఒక రోజు ముందే, ముప్పై అయిదు డాలర్లు కట్టి పంపేశాం. పంపింది ఏ పండగకో మాత్రం ఇప్పుడే చెప్పను. దిష్టి తగులుతుంది.

ఫలితం వేసవిలో వస్తుంది. అత్తయ్య ఏప్రిల్లో వెళ్ళిపోయారు. ఎంపికైతే టికెట్ కొని రప్పించమంటారో, వాట్సాప్‌లో చూస్తానంటారో ఇంకా తేల్చలేదు. ఊరికి వెళ్ళగానే వీధి చివరికి వెళ్ళి అడిగారట, ఆ చివరింటావిడ పేరు ఎవరికైనా గుర్తుందా అని. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పంచాయతీ ఆఫీసులో పాత ఓటర్ల జాబితా ఉంటుందేమో చూస్తానన్నారు.

ఈ వేసవికి మీ ఇళ్ళకి కూడా అమ్మలూ అత్తగార్లూ వస్తూ ఉంటారు. మాల్స్‌కీ నయాగరాకీ ఎలాగూ తిప్పుతారు. ఒక సాయంత్రం కూర్చోబెట్టి, మీ ఊళ్ళో దెయ్యం కథ ఒకటి చెప్పమని అడగండి. ఫోనులో రికార్డు చేసుకోండి. కథలో ఉన్న ఆడవాళ్ళ పేర్లు కూడా అడిగి రాసిపెట్టుకోండి.